రాతిలోని ద్రవము - రేడియో తరంగము

నల్లరేగడి నేలయు ఇసుకనేలయు రెండును నీటిని పీల్చుకొనును. కాని ఇసుక తేలికగా విడిచిపెట్టును, రేగడి విడువదు. ఇది మన రైతులెరిగిన సంగతియే. భూగర్భమున వేల అడుగుల లోతున చమురు కొరకు బావి త్రవ్వువారికిని ఇట్టి చిక్కే ఎదురగుచున్నది. రాతిలో ద్రవమెంత కలదనుట ఒక ప్రశ్న; అందులో పైకి రాగలదెంత యనుట మరియొక ప్రశ్న. రెండవదానికి జవాబు తెలియనిచో చేసిన వ్యయమంతయు బూడిదలో పోసిన పన్నీరగును.

ఈ జవాబును రాతిని పగులగొట్టకయే చెప్పగల పద్ధతికి మూలము కేంద్రక అయస్కాంత అనునాదము. స్టాన్‌ఫర్డులో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డులో ఎడ్వర్డ్ పర్సెల్ తమ సహచరులతో వేర్వేరుగా దీనిని కనుగొని 1946లో వెల్లడించిరి. వారిరువురికిని 1952లో నోబెల్ బహుమానము లభించినది.

నీటిలోను చమురులోను హైడ్రోజన్ కలదు. దాని కేంద్రకము చిన్న అయస్కాంతము వంటిది. బలమైన అయస్కాంత క్షేత్రమున నుంచినపుడు ఈ కేంద్రకములలో కొలదిపాటి అధికభాగము క్షేత్రదిశకు మొగ్గును. అపుడు తగిన రేడియో తరంగమును క్షణకాలము పంపినచో అవి ఆ దిశ తప్పి, గిరగిర తిరుగుచు, తామును సన్నని సంకేతమును వెలువరించును. బావిలోనికి దింపు కొన్ని పరికరములు వాడు తరంగములు సెకనుకు 5 నుండి 8 లక్షల కంపనములు గలవి. అనగా మీడియం వేవ్ ప్రసారముల కోవకు చెందినవే.

ఆ సంకేతము క్రమముగా అణగిపోవును. అందుకు పట్టు కాలమును విశ్రాంతి కాలమందురు. కీలకమంతయు ఇచ్చటనే యున్నది. పాత్రలోని స్వచ్ఛమైన నీటికి ఇది ఇంచుమించు 2 నుండి 3 సెకనులు. రాతి రంధ్రములో చిక్కిన నీటి అణువులు అటునిటు తిరుగాడుచు గోడలను తాకును. ఆ గోడలపై ఇనుము మొదలగు వాని పరమాణువుల ప్రభావమున కేంద్రకములు క్రమము తప్పును. రంధ్రము చిన్నదైనకొలది తాకిడి హెచ్చు. సంకేతము త్వరగా అణగును. కావున ఆరంభమునందలి సంకేతబలము మొత్తము ద్రవమెంతయో తెలుపును; అది అణగు తీరు ఏ పరిమాణపు రంధ్రములలో ఎంత కలదో తెలుపును.

ఇసుకరాతిలో సాధారణముగా 33 మిల్లీసెకనులను హద్దుగా గైకొందురు. అంతలోపల అణగునది సన్నని రంధ్రములలో బిగిసియున్న నీరు. అటుపైని నిలుచునది పారగల ద్రవము. బంకమట్టిని అంటియున్న నీరు 3 మిల్లీసెకనులలోపుననే అణగును. సున్నపురాతిలో ఈ హద్దు ఇంకను ఎక్కువ. చిక్కని చమురు తనంతట తానే త్వరగా అణగును గనుక, బిగిసియున్న నీరని పొరబడు ప్రమాదము కలదు. అందువలన రాతి నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి హద్దును సరిచూచుకొందురు.

సిమెంటు గట్టిపడునపుడు అందలి నీరు సన్నని రంధ్రములలోనికి చేరుటను గూడ ఈ కొలతతోనే గమనింతురు. ఆసుపత్రిలో తీయు ఎం.ఆర్.ఐ. చిత్రమున ఒక భాగము వెలుగుగను, మరియొకటి నీడగను కనిపించుటకును ఈ విశ్రాంతి కాలముల భేదమే ముఖ్యకారణము.