పునర్జన్మమును వలదను ఆట

చెడుగుడాట మూఁడు విధములుగ నున్నది. ‘సంజీవని’యందు ఎదిరిపక్షమువాఁ డొకఁడు చచ్చినచో, మునుపు చచ్చిన మనవాఁ డొకఁడు బ్రదికి బరిలోనికి వచ్చును. ‘గామిని’యం దట్లు గాదు, పక్షమంతయు పడిపోవువఱకు చచ్చినవాఁడు వెలుపల కూర్చుండవలసినదే. ‘అమర’యందు తాఁకఁబడినవాఁడును బరి విడువక యాడును, ఎదిరికి లెక్క మాత్రము చేరును. ఇట్లే అష్టాచెమ్మలో చచ్చిన కాయ మరల పుట్టును. పులిజూదమున చచ్చిన మేఁక తిరిగి రాదు.

ఈ భేదమే నేఁటి వీడియోగేములయందును గలదు. పెక్కింట యంత్రము సంజీవనిపక్షము: పాత్ర చచ్చినచో, భద్రపఱచిన ఘట్టమునుండి మరల నాడవచ్చును. 1980లో వెలువడిన ‘రోగ్’ గామినిజాతిది. పాత్ర చచ్చినచో మొదటినుండి మొదలిడవలెను. వీనికంటె విచిత్రమైనది, ఆట పునర్జన్మ మిచ్చుచుండఁగా ఆడువాఁడే దానిని వలదనుట. 2010లో నిక్ ఫ్రాంకో యను నతఁడు పోకెమాన్ ఆటకు కల్పించిన ‘నజ్లాక్’ నియమము లిందుకు ప్రసిద్ధోదాహరణము. ఆ యాటలో సొమ్మసిల్లిన జంతువును చికిత్స చేయించి లేపవచ్చును. నియమధారి దానిని చచ్చినదానిగ నెంచి విడిచిపెట్టును. ప్రతితావునను మొదట నెదురైనదానినే పట్టవలెను. యంత్ర మీ నియమముల నెఱుఁగదు. సాక్షి తానే.

మృత్యువుతో నీ చెలగాట మేల యని యడుగువా రుందురు. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున నీ ప్రశ్నకు బరువెక్కువ. అచ్చటి సింగరేణి గనులలో నొకటియగు 7 ఎల్.ఇ.పి. లోనికి 2003 జూన్ 16వ తేదీన నీరు చొరఁబడి 17 మంది కార్మికులు మరణించిరి. బాయి దిగివచ్చిన తండ్రి యెదుట కుఱ్ఱవాఁడు ఫోను చేతఁబట్టి ‘చచ్చితి’ ననినచో ఆతఁడు కసరుట సహజమే. గనిలోని యపాయము కార్మికుఁడు వేడుకకు విధించుకొన్నది గాదు, కూలికై యోర్చుకొన్నది. ఆటలోనిది కోరి పెట్టుకొన్నది, వలసినప్పుడు విడువఁదగినది. ఈ రెంటిని ఒక్క ధైర్యమే యనుట నాకు సమ్మతము గాదు.

మఱి యీ నియమమునం దాకర్షణ యేమి? సాహసమని పలువు రందురు. నాకు వేఱుగఁ దోఁచుచున్నది. అవధానికి నిషేధాక్షరి నిచ్చువాఁడు పృచ్ఛకుఁడు. నిరోష్ఠ్యకావ్యమున నిషేధించుకొనువాఁడు కవియే. 16వ శతాబ్దమున మరింగంటి సింగరాచార్యులు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్యముగ రచించిరి. పవర్గమును విడిచిన కవికి రామనామమే నోట రాదు! రామకథ చెప్పఁబూని రాముఁ డనలేని యా కవి ‘దశరథరాజనందన’ యనెను. ఆ పేరున పెదవి పెదవిని తాఁకదు. చేతనున్న మాట పోఁగా, ప్రక్కన బడియున్న మాటలన్నియు వెలగలవయ్యెను. నజ్లాక్ ఆడువానికి జరుగునదియు నిదియే. మామూలుగ తిరిగి చూడని బక్కజంతువు, అది తప్ప వేఱు గతి లేనపుడు, కాపాడుకొనవలసిన సొత్తగును. పరుగెత్తి దాఁటెడి త్రోవను అడుగడుగునకు చూచి నడువవలసి వచ్చును. అయితే కవి తప్పు వ్రాసినచో కొట్టివేయవచ్చును, వీఁడు కొట్టివేయరాదు. ఇందు వీఁడు సభలోఁ బలికిన పాదమును మరల్చుకొనలేని యవధానికి దగ్గఱ.

నియమపు టెల్ల యెక్కడ నను తగవు ఇరువురకును గలదు. ఉచ్చారణస్థానముల లెక్కలో ఉకారమును ఓష్ఠ్యమే; దానిని గూడ విడిచినచో తెలుగువాక్య మడుగు సాగదు. అట్లే వ్రేలు జాఱి వేఱు మీట నొక్కుటచే పాత్ర చచ్చినచో, అది చావుగ నెంచవలెనా? చెడుగుడులో నైనచో తీర్పరి యుండును. ఇచట ముందే తన నియమము వ్రాసికొన్నవాఁడు ఆ వ్రాత చూచుకొనును. వ్రాసికొననివాఁడు అప్పటికప్పుడు తనకుఁ దానే తీర్పు చెప్పుకొనవలెను.