కీటోసిస్ : కారణమా? చిహ్నమా?

ఆహారం ప్రాణాధారం. అయితే ఆ ఆహారమే మితిమీరినప్పుడు శరీరానికి భారమవుతుంది. ఈ సత్యాన్ని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. చరక సంహిత సూత్రస్థానంలో ‘అష్టౌనిందితీయం’ అనే అధ్యాయం ఉంది. అందులో అతిస్థూలుని గురించీ, అతికృశుని గురించీ విపులమైన చర్చ కనిపిస్తుంది. స్థూలకాయులకు గురుత్వం, అపతర్పణం అనే రెండు గుణాలు గల ఆహారం హితమని ఆ గ్రంథం చెబుతుంది. త్వరగా జీర్ణం కాక ఆకలిని అణచిపెట్టేదీ, శరీరాన్ని అతిగా పోషించనిదీ అయిన ఆహారమని దాని భావం. కడుపు నిండాలి, కాని కొవ్వు పేరుకోరాదు. నేటి ఆహారశాస్త్రం అన్వేషిస్తున్నదీ ఇటువంటి ఆహారాన్నే.

ఈ అన్వేషణలో ప్రసిద్ధి పొందిన మార్గాలలో పిండిపదార్థాలను తగ్గించి భుజించడం ఒకటి. 1863లో లండన్ నగరానికి చెందిన విలియం బాంటింగ్ అనే వ్యక్తి స్థూలకాయాన్ని గురించి ఒక చిన్న పుస్తకాన్ని ప్రకటించాడు. బరువు తగ్గడానికి అతడు పూర్వం థేమ్స్ నదిలో పడవ నడిపాడు. వ్యాయామంతో పాటు ఆకలి కూడా పెరగడంతో ఆ శ్రమ ఫలించలేదు. తరువాత హార్వే అనే వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళదుంపలు, బీరు మొదలైన వాటిని మానివేసి, సుమారు ఒక సంవత్సరంలో 46 పౌండ్లు, అనగా ఇంచుమించు 21 కిలోల బరువు తగ్గాడు. కొద్దిపాటి కాల్చిన రొట్టె, పండ్లు అతని భోజనంలో ఉండనే ఉన్నాయి. ‘కీటోసిస్’ అనే మాట అతడు విని ఎరుగడు.

ఇంతకూ కీటోసిస్ అనగా ఏమి? మనం తినే అన్నం, రొట్టె, చక్కెర వంటి పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి శరీరానికి ఇంధనమవుతాయి. అందులో కొంత భాగం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోను, కండరాలలోను నిలువ ఉంటుంది. పిండిపదార్థాలు బాగా తగ్గినప్పుడు కాలేయంలోని ఈ నిలువ తరిగిపోతుంది, రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. అప్పుడు కొవ్వు కణాల నుండి కొవ్వు ఆమ్లాలు వెలువడి కాలేయాన్ని చేరుతాయి. కాలేయం వాటిలో కొంత భాగాన్ని కీటోన్లు అనే పదార్థాలుగా మారుస్తుంది. రక్తంలో కీటోన్లు హెచ్చిన ఈ స్థితికే కీటోసిస్ అని పేరు.

ఇది దేహం కరవు కాలానికై ఏర్పరచుకున్న ఏర్పాటు. మెదడు కొవ్వు ఆమ్లాలను నేరుగా ఇంధనంగా వాడుకోలేదు. దీర్ఘకాలం ఉపవాసమున్నప్పుడు మెదడుకు కీటోన్లే ముఖ్యమైన ఇంధనమవుతాయని 1967లో జార్జి కాహిల్, ఆయన సహచరులు నిరూపించారు. అంతకు చాలా ముందే, 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రసెల్ వైల్డర్ అనే వైద్యుడు మూర్ఛవ్యాధి చికిత్సకై కీటోన్లను పెంచే ఆహారాన్ని ప్రతిపాదించాడు. మందులకు లొంగని మూర్ఛలతో బాధపడే పిల్లలకు వైద్యులు ఈనాటికీ ఆ పద్ధతిని వాడుతున్నారు. అక్కడ కీటోసిస్ చికిత్సలో భాగం.

బరువు తగ్గడంతో కీటోసిస్‌ను ముడిపెట్టి జనబాహుళ్యంలోకి తెచ్చినవాడు అమెరికా వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్. 1972లో వెలువడిన ఆయన పుస్తకం మూత్రంలో కీటోన్లను ప్రత్యేకమైన కాగితపు పట్టీలతో పరీక్షించుకొమ్మని సూచించింది. పట్టీ ఊదారంగుకు మారితే కొవ్వు కరుగుతున్నట్లేనని పాఠకులు సంబరపడ్డారు. ఆ నమ్మకం ఈనాటికీ సజీవంగా ఉంది. అది ఎంతవరకు సత్యం?

తర్కశాస్త్రంలో పర్వతం మీది పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని ఊహించే ఉదాహరణ ప్రసిద్ధమైనది. పొగ నిప్పుకు చిహ్నం. అయినా అన్నాన్ని ఉడికించేది నిప్పే కాని పొగ కాదు. కీటోన్లు కూడా అటువంటివే. కాలేయం కొవ్వును విరివిగా ఇంధనంగా వాడుకుంటున్నదని అవి తెలుపుతాయి. అయితే ఆ కొవ్వు శరీరంలో పేరుకున్నదా, భోజనంలో చేరినదా అన్న సంగతిని అవి తెలుపలేవు. 2017, 2018 సంవత్సరాలలో తెలుగునాట కొబ్బరినూనెను అధికంగా సేవించే ఆహారవిధానం బహుళ ప్రచారం పొందింది. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 70 గ్రాముల నూనె సేవించినవారికి ఆ నూనె నుండే 630 కేలరీలు లభిస్తాయి. వారి రక్తంలో కీటోన్లు పెరగవచ్చు. కాని వాటిలో చాలా భాగం త్రాగిన నూనె నుండి పుట్టినదే కావచ్చు. శరీరంలోని కొవ్వు తరగాలంటే తిన్నదాని కంటె ఖర్చయ్యేది అధికం కావాలి.

మొదటి వారంలో బరువు వేగంగా తగ్గడం కూడా ఇటువంటి భ్రమనే కలిగిస్తుంది. గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలువ ఉంటుంది. గ్లైకోజెన్ తరిగినప్పుడు ఆ నీరు కూడా వెలుపలికి పోతుంది. త్రాసు ముల్లు దిగినా అందులో కొవ్వు పాలు స్వల్పమే. తిరిగి అన్నం తినడం ఆరంభించగానే ఆ నీరు మళ్ళీ చేరుతుంది.

శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను ప్రత్యక్షంగా పరీక్షించారు. 2006లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధనలో 20 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఆరు వారాలపాటు సమానమైన కేలరీలు గల ఆహారాన్ని ఇచ్చారు. మొదటి వర్గం వారికి పిండిపదార్థాల నుండి సుమారు 5 శాతం శక్తి, రెండవ వర్గం వారికి సుమారు 40 శాతం శక్తి లభించింది. మొదటివారు సగటున 6.3 కిలోలు, రెండవవారు 7.2 కిలోలు తగ్గారు. ఆ భేదం గణనీయమైనది కాదని పరిశోధకులు తేల్చారు. 2016లో కెవిన్ హాల్, ఆయన సహచరులు 17 మంది పురుషులను పరిశోధనశాలలోనే ఉంచి పరిశీలించారు. కేలరీలను మార్చకుండా కీటోసిస్ కలిగించినప్పుడు శరీరపు కొవ్వు తరిగే వేగం పెరగలేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిపై ఒక సంవత్సరంపాటు జరిపిన పరిశోధన వెలువడింది. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. అక్కడా రెండు పద్ధతులు ఇంచుమించు సమానమే.

అలాగని కీటోసిస్ పూర్తిగా నిష్ప్రయోజనమని భావించరాదు. సాధారణంగా బరువు తగ్గేకొద్దీ ఆకలి పెరుగుతుంది. కీటోసిస్‌లో ఉన్నవారికి ఆ పెరుగుదల అంతగా కనిపించదని 2015లో వెలువడిన ఒక సమీక్ష తెలిపింది. ఆకలి అదుపులో ఉంటే మనిషి అప్రయత్నంగానే తక్కువ తింటాడు. కొందరికి ఈ మార్గం అనుకూలించడానికి ఇది ఒక కారణం. అయితే మాంసకృత్తులు, పీచుపదార్థం సమృద్ధిగా గల భోజనం కూడా తృప్తిని కలిగించగలదు. అందుకు కీటోసిస్ అనివార్యం కాదు.

కీటోసిస్‌ను లక్ష్యంగా పెట్టుకోవడం కొందరికి ప్రమాదకరం కూడా. ముఖ్యంగా మొదటి రకం మధుమేహం గలవారు ఇన్సులిన్ మానివేస్తే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లగుణం పొందుతుంది. కీటో అసిడోసిస్ అనే ఆ స్థితి ప్రాణాంతకం. ఆరోగ్యవంతునిలో ఆహారమార్పు వలన కలిగే కీటోసిస్ వేరు, ఇది వేరు. పేరు పోలికను చూచి రెండూ ఒకటేనని భ్రమపడరాదు. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భవతులు, ఎదిగే వయస్సులోని బాలబాలికలు వైద్యుని సలహా లేకుండా ఇటువంటి నియమాలను అనుసరించరాదు.

మరి మనకు ఉచితమైన మార్గం ఏది? భారతీయులకు ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే లభిస్తున్నదని భారత వైద్య పరిశోధన మండలి వారి బృహత్ పరిశోధన 2025లో వెల్లడించింది. తెల్లని బియ్యం, మరపట్టిన ధాన్యాలు, చక్కెర అందులో ప్రధానమైనవి. కనుక వాటిని తగ్గించడం వివేకమే. పళ్ళెంలో అన్నపు రాశిని కొంత తగ్గించి పప్పు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, మజ్జిగ వంటి వాటికి చోటు కల్పించాలి. తీపి పానీయాలను మానాలి. వారానికి అరకిలో చొప్పున బరువు తగ్గడం క్షేమకరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకాలలో సూచించింది.

ఆహారనియమం యొక్క సాఫల్యాన్ని కాగితపు పట్టీ రంగుతో కొలవడం కుదరదు. ఆకలి తీరుతున్నదా, శరీరానికి పోషకాలు అందుతున్నాయా, ఆ నియమాన్ని ఏళ్ళ తరబడి పాటించగలమా అన్నవే పరిశీలించుకోవలసిన విషయాలు. కీటోన్లు కనిపించినా, కనిపించకపోయినా కొవ్వు తరగడానికి మితాహారమే మూలం.