స్పార్క్ ప్లగ్ సాక్ష్యం: టర్బో పెట్రోలు ఇంజను ఆరోగ్య నిర్ధారణలో దాని విలువ, పరిమితి

పెట్రోలు ఇంజను దహనగదిలో పనిచేస్తూ, సులువుగా విప్పి చేతిలో పట్టుకొని చూడడానికి వీలైన భాగం స్పార్క్ ప్లగ్. దాని కొనపై పింగాణీ రంగు, పేరుకొన్న మసి, లోహపు అంచుల అరుగుదల చూసి ఇంజను స్థితిని అంచనా కట్టడం మెకానిక్కుల వృత్తిలో చిరకాలంగా ఉన్న విద్య. టర్బోచార్జరు గల ఇంజనుకు ఈ విద్య ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అనే అంశాలను కృష్ణా జిల్లా నందివాడ ప్రాంతపు వాహన వినియోగాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

నందివాడ మండలం గుడివాడకు చేరువలో, కొల్లేటి వైపున ఉన్న చేపల చెరువుల ప్రాంతం. ఇక్కడి వారికి టర్బో కొత్త కాదు. చేపల లోడుతో దూరప్రాంతాలకు వెళ్లే లారీలలో అది ఏళ్ల తరబడి ఉంది. అయితే అవి డీజిలు ఇంజన్లు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకొంటుంది కనుక వాటికి స్పార్క్ ప్లగ్ ఉండదు. చలిలో స్టార్టు కావడానికి వాడే గ్లో ప్లగ్ వేరు. మరోవైపు మోటారు సైకిళ్లు, పాత పెట్రోలు కార్ల ప్లగ్గులు చూసి చేయి తిరిగిన మెకానిక్కుకు టర్బోతో పనిపడలేదు. ఈ రెండు అనుభవాలు ఒకే బానెట్ కిందికి వచ్చింది ఇటీవలనే. 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ వంటి చిన్న కార్లు టర్బో పెట్రోలు ఇంజన్లతో రావడంతో అవి సామాన్య కుటుంబాల వాకిళ్లకు చేరాయి.

ప్లగ్ కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే దానిపై పడిన మసి దానంతటదే కాలిపోతుంది. 850 డిగ్రీల పరిసరాలకు మించితే కొనే నిప్పుకణికై, స్పార్కు రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. దీనినే ముందస్తు జ్వలనం అనవచ్చు. ఈ రెండు హద్దుల నడుమ కొనను నిలపడానికే ప్లగ్గులను వేర్వేరు ఉష్ణ శ్రేణులలో తయారుచేస్తారు. పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా సిలిండర్ హెడ్‌కు చేరుతుంది. అది ‘చల్లని’ ప్లగ్. ముక్కు పొడవైతే వేడి నిలుస్తుంది. అది ‘వేడి’ ప్లగ్. టర్బో అధిక గాలిని, దానికి తగిన ఇంధనాన్ని సిలిండరులోకి పంపుతుంది కాబట్టి అటువంటి ఇంజనుకు సాధారణంగా చల్లని ప్లగ్ నిర్దేశిస్తారు. ఇక్కడ ఒక విచిత్రం గమనార్హం. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్ ప్లగ్గులలో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ ప్లగ్ దొరకక మరో కంపెనీది కొనేటప్పుడు అంకెను మాత్రమే నమ్ముకొంటే ఫలితం తలకిందులవుతుంది.

అసలు సమస్య రంగుతో మొదలవుతుంది. ప్లగ్ ఇచ్చే సాక్ష్యం ప్రధానంగా విప్పడానికి ముందు సాగిన ప్రయాణానికి సంబంధించినది. టర్బో ఇంజను బలహీనత బయటపడేది పూర్తి భారంలో. డెల్టాలో నేల చదునైనది. చెరువు గట్ల మీద, కాలువ కట్టల మీద బండ్లు నిదానంగా, కొద్ది దూరాలే నడుస్తాయి. ఇంజను సరిగా వేడెక్కకముందే ప్రయాణం ముగుస్తుంది. టర్బో పీడనం దాదాపు అందదు. అలా నడిచిన కారు ప్లగ్ విప్పితే పొడి నల్లని మసి కనిపించడం సహజం. యజమాని ‘పికప్ లేదు’ అంటాడు. మెకానిక్ మసిని చూసి వేడి ప్లగ్ వేస్తాడు. ఊళ్లో తిరిగినంతకాలం అంతా బాగుంటుంది. అదే కారు నిండా మనుషులతో 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు వైపు వేగంగా సాగినప్పుడు కొన హద్దు దాటి, ముందస్తు జ్వలనం మొదలై, పిస్టన్ తల కరిగే ప్రమాదం ఏర్పడుతుంది. రెండు వేల రూపాయలలో తేలవలసిన వ్యవహారం ఇంజను విప్పే దాకా వస్తుంది. మసికి తగిన చికిత్స వినియోగ విధానాన్ని పరిశీలించడం, ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, థర్మోస్టాటు చూడడం. నిర్దేశిత ఉష్ణ శ్రేణిని మార్చడం కాదు.

పైగా ‘ఇటుక రంగు ఉంటే ఆరోగ్యం’ అన్న పాత సూత్రం సీసపు పెట్రోలు, కార్బురేటర్ల కాలంలో రూపుదిద్దుకొన్నది. 2000 నుంచి దేశమంతటా సీసరహిత పెట్రోలే అమ్ముతున్నారు. నేటి ఇంజనులో ఆక్సిజన్ సెన్సరును బట్టి కంప్యూటరు క్షణక్షణం మిశ్రమాన్ని సరిచేస్తుంది. ఇథనాలు కలిసిన ఇంధనం మసిని తక్కువగా వదులుతుంది. కనుక నేడు తెల్లగా కనిపించే ప్లగ్ రోగలక్షణం కానక్కరలేదు.

రంగు కంటే నమ్మదగినవి వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం పోలిక. విప్పిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే పేర్చి చూడాలి. ఒక్కటే నూనెతో తడిసి ఉంటే ఆ సిలిండరు రింగులనో వాల్వ్ సీళ్లనో అనుమానించవచ్చు. అన్నీ ఒకే తీరున తడిస్తే టర్బో కంప్రెసరు వైపు సీలు లేదా క్రాంక్‌కేస్ గాలిగొట్టం మీదికి దృష్టి పోవాలి. టర్బైన్ వైపు సీలు కారితే నూనె సైలెన్సరులోకి పోతుంది కాబట్టి ప్లగ్ ఆ సంగతి చెప్పలేదు. ప్లగ్ గుంతలో, దారాలకు పైన ఉన్న నూనె దహనగదిది కాదు, పైమూత గాస్కెట్ నుంచి దిగినది. పింగాణీపై మిరియపు పొడి చల్లినట్లు చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే నాకింగ్ వల్ల పిస్టన్ లోహం రాలుతున్నదని అర్థం. అటువంటి కారును ఆ తరువాత భారంతో నడపరాదు. ఒక ప్లగ్ మాత్రం కడిగినట్లు అతి శుభ్రంగా ఉంటే హెడ్ గాస్కెట్ ద్వారా కూలెంట్ చేరుతున్నదేమో పరీక్షించాలి.

కంటికి రంగుగా కనిపించనిది ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ. వాయుపీడనం పెరిగేకొద్దీ అదే ఖాళీని దాటడానికి అధిక వోల్టేజి కావాలి. ఫ్రెడరిక్ పాషెన్ 1889లో ప్రతిపాదించిన సూత్రంతో దీనిని అర్థం చేసుకోవచ్చు. అందుకే టర్బో ఇంజన్లలో ఖాళీని చాలావరకు 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంచుతారు. అరిగి ఖాళీ పెరిగిన ప్లగ్ నిలకడగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసి, టర్బో పీడనం అందగానే ‘మిస్సింగ్’ ఇస్తుంది. ఫీలర్ గేజితో కొలవనిదే ఈ లోపం తెలియదు.

ప్లగ్ అసలే సాక్ష్యమివ్వని రోగమూ ఉంది. నేరుగా సిలిండరులోకి ఇంధనం చిమ్మే టర్బో ఇంజన్లలో, తక్కువ వేగంలో అధిక భారం పడినప్పుడు నూనె, ఇంధన బిందువుల వల్ల అకస్మాత్తుగా ముందస్తు జ్వలనం జరగవచ్చు. పింగాణీ పగిలిన రోజు వరకు ప్లగ్ బాగానే కనిపిస్తుంది. దీని నివారణకు 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. ఇక్కడ ప్లగ్ రంగు కన్నా ఆయిల్ డబ్బా మీది అక్షరాలు చదవడం ఉపయోగకరం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి, దిగువన నందివాడ మండల గ్రామాలనూ చుట్టుముట్టింది. నీట మునిగిన కారును స్టార్టు చేయకముందే ప్లగ్గులన్నీ విప్పడం ప్రాథమిక నియమం. నీరు నొక్కుకుపోదు కనుక స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తడిగా ఉంటే నిర్ణయం సులువు. పొడిగా ఉన్నా టర్బో కారు విషయంలో ధైర్యపడరాదు. గాలిని చల్లబరచే ఇంటర్‌కూలర్ చాలా కార్లలో ముందువైపు, కింది భాగంలో ఉంటుంది. నీరు దానిలో, దాని గొట్టాలలో నిలిచి, ఇంజను తిరిగిన తరువాత సిలిండరులోకి చేరవచ్చు. కాబట్టి గొట్టాలను ఊడదీసి, నీరు ఒంపి, ఆయిల్ పాలరంగుకు తిరిగిందేమో చూసిన పిమ్మటనే, ప్లగ్గులు బిగించకముందు ఇంజనును చేతితో ఒకసారి తిప్పి చూడాలి.