రేడియేటర్‌కు పోసే నీళ్లు

తెనాలి దాటి రేపల్లె వైపు, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ, చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్లతో సాగు ఎలాగో తేల్చడానికి బాపట్లలో పరిశోధన కేంద్రమే పెట్టారు. పైరు విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనం ట్రాక్టర్ వేడెక్కితే మాత్రం అందిన బిందె ఎత్తి పోసేస్తాం.

1886లో కార్ల్ బెంజ్ బండి ఇంజన్ నీటిని ఆవిరి చేసుకుంటూ చల్లబడేది. దారిలో మళ్లీ మళ్లీ నింపాల్సి వచ్చేది. 1900లో ఇంజనీర్ విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టులాంటి రేడియేటర్ తయారుచేశాడు. అందులో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉన్నాయి. గొట్టాల్లోంచి గాలి, వాటి సందుల్లోంచి నీళ్లు వెళ్లేవి. 9 లీటర్ల నీళ్లతో 35 హార్స్‌పవర్ ఇంజన్ చల్లబడింది. నాకు తెలిసి కారు చరిత్రలో ఇంత గొప్ప ఆలోచనలు కొన్నే. తర్వాత రాగి, ఇత్తడి స్థానంలోకి తేలికైన అల్యూమినియం వచ్చింది. దాన్ని కాపాడేది పైనున్న సన్నని ఆక్సైడ్ పొరే. నీటిలోని క్లోరైడ్ ఆ పొరను చీల్చి సూదిబెజ్జాలు పెడుతుంది.

తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పెద్ద డీజిల్ ఇంజన్ల తయారీదారులు కొందరు కూలెంట్‌లో కలిపే నీటికి 40 దగ్గరే గీత గీస్తారు. మనం తాగగలిగే నీళ్లు కూడా రేడియేటర్‌కు చేటు కావచ్చు.

జబ్బు ఎక్కడుందో కూలెంటే చెబుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. గోధుమరంగు బురద ఉంటే ఇనుప బ్లాకు తుప్పు పడుతోంది. తెల్లటి పొడి, జిగురు కనిపిస్తే అల్యూమినియం కరుగుతోందని అనుమానించాలి. పాత బండిలో చిలుము పడితే రాగి పోతోంది. తర్వాత మల్టీమీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి, ఎర్ర తీగ లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచండి. 0.3 వోల్టులు దాటితే తుప్పును ఆపే మందులు అయిపోయాయనే మెకానిక్‌లు లెక్కేస్తారు. లైట్లు, ఫ్యాను వేసినప్పుడు వోల్టేజీ పెరిగితే ఆ పరికరం ఎర్త్ తీగ సరిగా లేదు, కరెంటు కూలెంట్‌లోంచి పోతోంది. ఆ తీగను సరిచేయకుండా కొత్త రేడియేటర్ బిగిస్తే అదీ కొద్దికాలానికే చిల్లులు పడుతుంది.

తీసిన కూలెంట్‌ను కాలువలో పారబోయకండి. తియ్యగా ఉండే విషమది, గొడ్లు తాగేస్తాయి. రేడియేటర్ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు దానిలోని కూలెంట్‌ను గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి.