డ్రాయింగ్‌లో పాయింట్, సైట్‌లో పిల్లర్: క్యాడ్ నుంచి కోఆర్డినేట్లు తీసేటప్పుడు ఏం చూసుకోవాలి?

కంప్యూటర్ తెర మీద పిల్లర్ అంటే ఒక చిన్న గీత. సైట్‌లో అదే పిల్లర్ సిమెంటు, స్టీలు, మేస్త్రీల చెమట. ఈ రెండింటినీ కలిపేవి మూడు అంకెలు: ఎక్స్, వై, జడ్. వీటినే కోఆర్డినేట్లు అంటారు. క్యాడ్ డ్రాయింగ్ నుంచి ఈ అంకెలు తీసి సర్వేయర్‌కు ఇచ్చే పని చాలాసార్లు కొత్తగా చేరిన డ్రాఫ్ట్స్‌మన్ మీదే పడుతుంది. హైదరాబాద్‌లోనైనా, గల్ఫ్‌లోనైనా ఇంతే. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది. ఎందుకంటే అంకె తప్పితే పునాది తప్పుతుంది, నింద వచ్చేది ఆ కుర్రాడి మీదికే.

ఒక్క పాయింట్ కావాలంటే

ఆటోక్యాడ్‌లో ఐడీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టాలి, పాయింట్ మీద క్లిక్ చేయాలి. కింద కమాండ్ లైన్‌లో మూడు అంకెలూ కనిపిస్తాయి. అయితే కంటి అంచనాతో క్లిక్ చేయకూడదు. ఎఫ్3 నొక్కి స్నాప్ ఆన్ చేసుకోవాలి. గుండ్రటి పిల్లరైతే సెంటర్, మూలైతే ఎండ్‌పాయింట్, పాయింట్ గుర్తైతే నోడ్ స్నాప్ వాడాలి.

త్రీడీ మోడల్‌లో పైనుంచి చూస్తే స్లాబు, ఫుటింగు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. స్నాప్ దేన్ని పట్టుకుందో జడ్ విలువ చూస్తేనే తెలుస్తుంది.

వందల పాయింట్లుంటే

ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంటే ఎక్కడో ఒకచోట పొరపాటు ఖాయం. దీనికి డేటా ఎక్స్‌ట్రాక్షన్ అనే కమాండ్ ఉంది. పాయింట్లు, సర్కిల్స్, బ్లాకుల్లో ఏవి కావాలో ఎంచుకుని, వాటి ఎక్స్, వై, జడ్ విలువలకు టిక్ పెడితే ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైల్ వచ్చేస్తుంది. పిల్లర్లను బ్లాకులుగా పెట్టి, సీ1, సీ2 అని పేర్లు అట్రిబ్యూట్‌గా ఇస్తే ఆ పేర్లు కూడా పట్టికలోకి వస్తాయి. పేరు లేని అంకెల పట్టికతో సైట్‌లో ఎవరికీ పని జరగదు.

అసలు తిప్పలు ఇక్కడే

మొదటిది, సున్నా ఎక్కడుంది? ఐడీ చూపించే అంకె అప్పుడు ఆన్‌లో ఉన్న యూసీఎస్ ప్రకారం వస్తుంది. ఎవరో ప్లాటు మూలను సున్నాగా పెట్టి వదిలేస్తే అంకెలన్నీ అక్కడి నుంచే లెక్క. ముందు యూసీఎస్ కమాండ్ ఇచ్చి వరల్డ్‌కు మార్చుకోవాలి. అంతటితో అయిపోలేదు. డ్రాయింగ్‌ను నిజంగా సర్వే లెక్కలో కూర్చోబెట్టారా లేదా అని అడగాలి. యూటీఎం పద్ధతిలో హైదరాబాద్ 44వ జోన్‌లోకి వస్తుంది. అక్కడ ఈస్టింగ్ 2 లక్షల మీటర్ల పైన, నార్తింగ్ 19 లక్షల మీటర్ల పైన ఉంటుంది. దుబాయ్ 40వ జోన్, రియాద్ 38వ జోన్. సైట్ యూటీఎం లెక్కలో ఉండగా డ్రాయింగ్ మాత్రం 12, 8 లాంటి చిన్న అంకెలు చూపిస్తే ఇంకా కూర్చోబెట్టలేదని అర్థం.

రెండోది, యూనిట్లు. బిల్డింగ్ డ్రాయింగ్ చాలావరకు మిల్లీమీటర్లలో గీస్తారు, సర్వే మీటర్లలో చేస్తారు. 12000 అన్నది 12 మీటర్లా, 12 కిలోమీటర్లా?

మూడోది, వరస. క్యాడ్‌లో ఎక్స్ అంటే ఈస్టింగ్, వై అంటే నార్తింగ్. చాలా టోటల్ స్టేషన్లకు ఇచ్చే ఫైల్‌లో మాత్రం నార్తింగ్ ముందు ఉంటుంది. రెండు కాలమ్‌లు తారుమారైతే మిషన్ ఏమీ అనదు, చెప్పిన చోటే గుర్తు పెట్టిస్తుంది.

పంపే ముందు

సైట్‌లో సర్వేయర్ పెట్టిన కంట్రోల్ పాయింట్లు రెండు తీసుకోవాలి. వాటి కోఆర్డినేట్లు డ్రాయింగ్‌లో అవే వస్తున్నాయా చూడాలి. ఆ రెంటి మధ్య దూరం కొలిచి సర్వేయర్ లెక్కతో సరిపోల్చాలి. తేడా వస్తే ఫైల్ పంపకుండా సీనియర్‌ను అడగాలి. అడిగితే చిన్నతనం ఏమీ లేదు. పోసిన కాంక్రీటు పగలగొట్టించడం కంటే అడగడమే నయం.

కమాండ్ నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. ఆ అంకె ఏ సున్నా నుంచి, ఏ యూనిట్‌లో, ఏ వరసలో ఉందో చెప్పగలిగినవాడినే సైట్‌లో నమ్ముతారు.