మావోయిస్టు పార్టీపై నిషేధం - రాజకీయ స్పందనలు

పీపుల్స్ వార్ పార్టీనీ, దాని తరువాతి రూపమైన భారత కమ్యూనిస్టు పార్టీ (మావోయిస్టు)నూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టవిరుద్ధ సంస్థలుగాను, కేంద్ర ప్రభుత్వం ఉగ్రవాద సంస్థలుగాను ప్రకటించాయి. రాష్ట్రస్థాయిలో ఈ నిషేధం 1992లో మొదలై, రెండుసార్లు తొలగి, రెండుసార్లు తిరిగి వచ్చింది. ప్రతి సందర్భంలోనూ రాజకీయ పక్షాలు తమ వైఖరిని ప్రకటించాయి. ఆ వైఖరులు సిద్ధాంతాన్ని బట్టి కాక, ఎక్కువగా ఆయా పక్షాలు అధికారంలో ఉన్నాయా, ప్రతిపక్షంలో ఉన్నాయా అన్నదానిని బట్టి మారుతూ వచ్చాయి. ఉద్యమానికీ, దాని అణచివేతకూ ప్రధాన రంగస్థలాలలో వరంగల్లు జిల్లా ఒకటి.

నేపథ్యం

పీపుల్స్ వార్ 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో ఏర్పడింది. కృష్ణా జిల్లాకు చెందిన ఆయన అంతకు పూర్వం కాజీపేటలోని సెయింట్ గాబ్రియేల్ పాఠశాలలో హిందీ ఉపాధ్యాయుడుగా పనిచేశారు. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులలో రాడికల్ విద్యార్థి సంఘానికి గట్టి పలుకుబడి ఉండేది.

నందమూరి తారక రామారావు రాజకీయాలలో ప్రవేశించిన తొలినాళ్ళలో నక్సలైట్లను దేశభక్తులని ప్రశంసించారు. 1985 తరువాత ఆయన ప్రభుత్వమే "ఆట, మాట, పాట బంద్" అని పేరుపడిన కఠిన విధానాన్ని అమలు చేసింది. అంటే చట్టప్రకారం నిషేధం లేకుండానే సభలు, పాటలు ఆగిపోయాయి. ఆ సంవత్సరం సెప్టెంబరులో పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథం వరంగల్లులో తన వైద్యశాలలోనే హత్యకు గురయ్యారు. ఇది పోలీసుల పనేనని ఆ సంఘం ఆరోపించింది.

1989 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డి ఆంక్షలను సడలించారు. దాని ఫలితంగా 1990 మే నెలలో వరంగల్లులో రైతు కూలీ సంఘం మహాసభలు బహిరంగంగా జరిగాయి. వాటికి తరలివచ్చిన జనాన్ని ఆనాటివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ సడలింపు ఏడాది నిలవలేదు. 1991లో వరంగల్లుకు చెందిన పౌరహక్కుల న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి కూడా హత్యకు గురయ్యారు.

మొదటి నిషేధం

1992 మే నెలలో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టం క్రింద పీపుల్స్ వార్‌ను, దాని అనుబంధ సంఘాలను నిషేధించింది. సాయుధ దళాలు నిషేధానికి ముందు కూడా చట్టవిరుద్ధమే. ఆయుధాల చట్టం, శిక్షాస్మృతి వాటికి ఎలాగూ వర్తిస్తాయి. కనుక నిషేధం వలన నిజంగా మారినది ఊళ్ళలో బహిరంగంగా పనిచేసే రైతు కూలీ సంఘాలు, విద్యార్థి, యువజన, కార్మిక సంఘాల పరిస్థితి. సభ్యత్వం, చందా, సభ నిర్వహణ నేరాలయ్యాయి. దళానికి భోజనం పెట్టినవారు పోలీసులకు, పెట్టనివారు దళానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

నిషేధాన్ని కాంగ్రెసు శాంతిభద్రతల అవసరంగా సమర్థించుకుంది. పౌరహక్కుల సంఘాలు దీనిని భావప్రకటనా స్వేచ్ఛపై దాడి అన్నాయి. 1994 డిసెంబరులో తెలుగుదేశం తిరిగి అధికారంలోకి రాగా, 1995లో నిషేధం తొలగింది. అదే పార్టీకి చెందిన చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1996 జులైలో దానిని మరల విధించింది. ఆ తరువాత దానిని ఏటేటా పొడిగిస్తూ వచ్చారు.

"చట్టవిరుద్ధం", "ఉగ్రవాదం" - భేదం

ఈ రెండు మాటలనూ పత్రికలు ఒకే అర్థంలో వాడుతుంటాయి గాని చట్టంలో అవి వేరు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (1967) ప్రకారం ఒక సంస్థను చట్టవిరుద్ధమని ప్రకటిస్తే, హైకోర్టు న్యాయమూర్తి ఉండే ట్రిబ్యునల్ 6 నెలలలోగా ఆ ప్రకటనను ధ్రువీకరించాలి. ఉగ్రవాద సంస్థగా ప్రకటించడానికి ఇటువంటి ముందస్తు విచారణ లేదు. కేంద్రం షెడ్యూలులో పేరు చేరిస్తే చాలు. తొలగించమని ఆ సంస్థే దరఖాస్తు చేసుకోవాలి. ఇంత బరువైన ముద్రకు ఇంత తేలికైన పద్ధతి ఉండడమే న్యాయవాదుల విమర్శలన్నిటిలోకి బలమైనది. కేవలం సభ్యత్వం నేరం కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును త్రోసిపుచ్చింది.

పీపుల్స్ వార్ 2001 డిసెంబరులో వాజపేయి ప్రభుత్వ కాలంలో ఉగ్రవాద నిరోధక ఆర్డినెన్సు (పోటో) జాబితాలో చేరింది. తరువాత వచ్చిన పోటా చట్టాన్ని యు.పి.ఎ. ప్రభుత్వం 2004లో రద్దు చేసింది. అయితే జాబితాను మాత్రం 1967 నాటి చట్టంలోకి మార్చింది. చట్టాన్ని నిందించినవారు జాబితాను నిలుపుకున్నారన్నమాట.

2004 చర్చలు, 2005 నిషేధం

విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వాన 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఇరుపక్షాలనూ హింస తగ్గించమని కోరుతూ వచ్చింది. 2004 ఎన్నికలలో కాంగ్రెసు చర్చలు జరుపుతామని ప్రకటించి గెలిచింది. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2004 జులైలో నిషేధాన్ని పొడిగించకుండా వదిలివేసింది. నిషిద్ధ సంస్థ ప్రతినిధులతో ప్రభుత్వం ఒక బల్ల ముందు కూర్చోవాలంటే ఇది తప్పనిసరి అయింది. అయినా కేంద్ర జాబితాలో పేరు అలాగే ఉంది. అంటే ఢిల్లీ దృష్టిలో ఉగ్రవాదులైనవారితోనే 2004 అక్టోబరులో హైదరాబాదు మంజీరా అతిథి గృహంలో రాష్ట్ర హోంమంత్రి కె.జానారెడ్డి చర్చలు జరిపారు. ఆ సమయంలోనే పీపుల్స్ వార్, ఎం.సి.సి. విలీనమై మావోయిస్టు పార్టీ ఏర్పడినట్లు ప్రకటన వెలువడింది.

ఆయుధాలతో తిరగడం అన్న అంశం మీద రెండవ విడత జరగలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుండి వైదొలిగారు. అదే సంవత్సరం ఆగస్టు 15న నారాయణపేటలో కాంగ్రెసు శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు మావోయిస్టుల కాల్పులలో మరణించారు. రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది. ఈసారి విప్లవ రచయితల సంఘాన్ని కూడా చేర్చడంతో రచయితలు, ఉపాధ్యాయులు తీవ్రంగా నిరసించారు. చర్చలలో మావోయిస్టుల తరఫు ప్రతినిధిగా వ్యవహరించిన కవి, వరంగల్లు సి.కె.ఎం. కళాశాల మాజీ అధ్యాపకుడు వరవరరావు అరెస్టయ్యారు. రచయితల సంఘంపై నిషేధం మాత్రం కొద్ది నెలలకే నిలవక తొలగింది.

ఒకప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె.బాలగోపాల్ వైఖరి ఇక్కడ ప్రత్యేకించి చెప్పుకోదగినది. ఆయన ఎన్‌కౌంటర్లను ఎంత నిశితంగా ప్రశ్నించారో, మావోయిస్టులు ఇన్‌ఫార్మర్లని చెప్పి చేసిన హత్యలను కూడా అంత నిశితంగా ప్రశ్నించారు. ఆ భేదాభిప్రాయాల ఫలితంగానే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. నిషేధాన్ని వ్యతిరేకించడానికి ఆ పార్టీని సమర్థించనక్కరలేదని చూపినవారు తక్కువమంది. ఆయన వారిలో ముఖ్యులు.

2009 ప్రకటన

పశ్చిమ బెంగాల్‌లోని లాల్‌గఢ్ సంఘటనల నడుమ 2009 జూన్ 22న కేంద్రం మావోయిస్టు పార్టీ పేరును షెడ్యూలులో చేర్చింది. పాత సంస్థల పేర్లు ముందే ఉన్నందున ఇది సందేహనివృత్తి కోసమేనని కేంద్ర హోంశాఖ వివరణ. మావోయిస్టుల చేతిలో తన కార్యకర్తలను కోల్పోతున్న సి.పి.ఎం. సైతం నిషేధం పరిష్కారం కాదని, రాజకీయంగా ఎదుర్కోవాలని చెప్పింది. అయినా బెంగాల్ ప్రభుత్వం ఆ చట్టాన్ని అమలు చేయక తప్పలేదు.

ఇతర దేశాలలో

ఇటీవల ఈ ముద్ర రాజకీయ లక్ష్యం లేని నేరస్థుల ముఠాలకు కూడా విస్తరించింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా మెక్సికో మాదకద్రవ్యాల ముఠాలు సహా 8 సంస్థలను విదేశీ ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించగా, ఇది తమ సార్వభౌమాధికారంలో జోక్యానికి సాకు కారాదని మెక్సికో అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ అభ్యంతరం తెలిపారు. బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా రాష్ట్రాల ప్రధానులు కోరిన పిమ్మట కెనడా 2025 సెప్టెంబరులో మన దేశానికి చెందిన లారెన్స్ బిష్ణోయ్ ముఠాను ఆ జాబితాలో చేర్చింది. ఇందుకు భిన్నంగా, మాజీ నక్సలైటు నయీం ముఠాపై 2016లో తెలంగాణలో దర్యాప్తు సాధారణ నేరచట్టాల క్రిందనే సాగింది.

తెలంగాణ ఏర్పడిన తరువాత

2021 మార్చిలో తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం 16 సంఘాలను మావోయిస్టు అనుబంధ సంస్థలుగా నిషేధించింది. హైకోర్టులో సవాలు కాగా జూన్‌లో ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. అదే పార్టీ అధినేత కె.చంద్రశేఖరరావు ప్రతిపక్షంలో ఉండి, 2025 ఏప్రిల్ 27న హనుమకొండ జిల్లా ఎల్కతుర్తి సభలో ఆపరేషన్ కగార్‌ను ఆపి చర్చలు జరపాలని కేంద్రాన్ని కోరారు. అదే సమయంలో కాంగ్రెసు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నక్సలిజాన్ని సామాజిక కోణంలో చూడాలన్నారు. 2004 నాటి అనుభవం గల జానారెడ్డితో సమాలోచన జరిపారు. నిషేధించినది కాంగ్రెసు ప్రభుత్వమే కదా అని, నిషిద్ధ సంస్థతో చర్చలు ఉండవని కేంద్ర మంత్రి బండి సంజయ్ సమాధానమిచ్చారు.

2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అబూజ్‌మఢ్ అడవులలో జరిగిన ఎదురుకాల్పులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు మరణించారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఆయన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థి. కేంద్ర హోంమంత్రి అమిత్ షా దీనిని చరిత్రాత్మక విజయంగా ప్రకటించారు. సి.పి.ఐ. ప్రధాన కార్యదర్శి డి.రాజా న్యాయ విచారణ కోరారు.