ఈత రాకపోయినా సముద్రం అడుగుకి!

సెలవులకి సముద్రం దగ్గరికి వెళ్తే చెప్పులకీ, తువ్వాళ్ళకీ కాపలా ఎవరు? ఇంకెవరు, మీరే! "నాకు ఈత రాదుగా" అంటారా? అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఆ మాట చెల్లదండోయ్! 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన ఈ దీవిలో ఈత రానివాళ్ళనీ స్కూబా డైవింగ్‌కి తీసుకెళ్తారు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం.

ఎలా దిగుతారు?

వీపుకి సిలిండరు, మొహానికి మాస్కు, నోట్లో గొట్టం. సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. ముందు లోతులేని నీళ్ళలో నోటితో ఊపిరి తీయడం నేర్పుతారు. తర్వాత శిక్షకుడు మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు. మొదటిసారి దిగేవాళ్ళకి 12 మీటర్లే హద్దు.

పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే చెవులు బిగుస్తాయి. నొప్పి రాకముందే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. ఒక్కటి మాత్రం మరవకండి. ఊపిరి బిగపట్టకూడదు! పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి వస్తుంది.

ఏం చూస్తారు?

పగడపు దిబ్బలు, గుంపులు గుంపులుగా రంగురంగుల చేపలు. తెల్లచారల నారింజరంగు క్లౌన్ చేపల కుటుంబం కనిపిస్తే కాస్త ఆగి చూడండి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆడచేప. ఆ ఇంటికి పెత్తనం ఆవిడదే!

వెళ్ళేముందు...

* ఆరోగ్యం గురించి ఫారం ఇస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి ఆపరేషన్ ఏదీ దాచకండి. డాక్టరు సరేనన్నాకే దిగండి. గర్భిణులు అసలు దిగకూడదు.
* జలుబు చేస్తే ఆ రోజుకి మానుకోండి.
* నెలసరి అడ్డంకి కాదు. ఓపిక ఉంటే దిగొచ్చు.
* గాజులు, గొలుసులు గదిలోనే పెట్టండి. జుట్టు బిగించి కట్టుకోండి. మాస్కు కింద వెంట్రుకలుంటే నీళ్ళు కారతాయి.
* బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి తీసుకెళ్ళండి" అని అర్థం! బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి.
* ఒకసారి దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకండి. డైవింగ్ మొదట్లోనే పెట్టుకుంటే మేలు.
* పగడాన్ని తాకొద్దు, షోకేసు కోసం తేవొద్దు. అది 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవి.

చివరగా ఒక మాట. మీవారు సరదాపడ్డారనో, డబ్బు కట్టేశామనో దిగకండి. పడవ ఎక్కాక కూడా, నీళ్ళలోకి దిగాక కూడా "ఇక చాలు" అనే హక్కు మీకుంది. ఇష్టమై దిగితే మాత్రం ఆ అరగంట అచ్చంగా మీదే!